గడ్డ తీశారు, చెయ్యెందుకు లేవదు?

సందేహాలు - సమాధానాలు: నరాల వైద్యం

ప్రాణహితకు అటువైపు నుంచి, అంటే ఏటపల్లి, అహేరి, సిరోంచ నుంచి, ఇటు మహదేవ్‌పూర్ నుంచి పక్షవాతం మీద వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట పెట్టాను. పేర్లు వేయడం లేదు. మొదటి ఉత్తరం పెద్దది, దాని జవాబూ పెద్దదే.

*

"మా బాపుకు 64 ఏండ్లు. సంక్రాంతికి ముందు ఒకనాడు పొద్దుగాల కల్లం కాడ కూలబడ్డడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి, మాట పోయింది. ఊర్ల పూజారికి చూపిచ్చినం, నోట్ల పసరు పోసిండు. మధ్యాహ్నం జీపు మాట్లాడుకొని అహేరి పోయినం, అక్కడికెల్లి చాందా, రాత్రికి నాగపూర్. తొడ కాడ నుంచి తీగ పంపి మెదడుల గడ్డ తీసిండ్రు. డాక్టరు బయటికొచ్చి 'సక్సెస్, నాళం మొత్తం తెరుచుకుంది' అన్నడు. నాలుగు నెలలైంది. బాపు కర్ర పట్టుకొని నాలుగడుగులు వేస్తడు గని చెయ్యి లేవదు, మాట రాదు. భూమి కుదువ పెట్టినం. సక్సెస్ అంటే ఇదేనా? మమ్మల్ని మోసం చేసిండ్రా? లేకుంటే మేమే ఏమన్న తప్పు చేసినమా?"
ఒక కొడుకు, ఏటపల్లి

మోసం జరిగిందని నాకు అనిపించడం లేదు. ఆ డాక్టరు నాళం గురించి చెప్పాడు, మీరు దాన్ని బాపు గురించి విన్నారు. రెండూ వేరువేరు సంగతులని ఆ రాత్రి మీకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. మా వృత్తిలో వాళ్లం తరచూ ఆ పని చెయ్యం.

గడ్డను తీగతో బయటికి లాగే ఈ పద్ధతిని థ్రాంబెక్టమీ అంటారు. లాగిన తర్వాత రంగు మందు ఎక్కించి, ఎక్స్‌రే తెర మీద నాళం కొమ్మలు ఎంతవరకు నిండాయో చూస్తారు. సగానికి పైగా నిండితే లెక్కల్లో అది విజయమే. మొత్తం నిండితే సంపూర్ణ విజయం. ఆ తెర మీద కనిపించేది రక్తం ఒక్కటే. ఆ రక్తం అందుకోవలసిన కణాల్లో ఎన్ని అప్పటికే చనిపోయాయో అది చెప్పదు.

ఈ చికిత్స పనిచేస్తుందని గట్టిగా రుజువైంది 2015లో. నెదర్లాండ్స్‌లో మొదలై ఐదు పెద్ద అధ్యయనాలు ఆ ఏడాది వెలువడ్డాయి. 1,287 మంది రోగులున్న ఆ ఐదింటినీ కలిపి 2016లో లెక్కగట్టారు. మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు గడ్డ తీసిన వారిలో నూటికి 46 మంది, మందులతోనే సరిపెట్టిన వారిలో 26 మంది చిల్లర. ఇంత తేడా చూపించిన చికిత్సలు పక్షవాతంలో చాలా తక్కువ. కానీ ఆ 46ను తిప్పి చూడండి. గడ్డ తీయించుకున్న వారిలోనూ సగానికి పైగా ఇంకొకరి మీద ఆధారపడ్డారు లేదా చనిపోయారు. మీ బాపు ఆ రెండో సగంలో ఉన్నారు. ఆయన ఒక్కరికే జరిగిన అన్యాయం కాదిది.

ఎందుకు ఇలా అంటే, మొదటి కారణం మీకు తెలిసిందే: వేళ. పెద్ద నాళం మూసుకుపోయిన మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల కణాలు చనిపోతాయని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కగట్టాడు. ఇది సగటు. అన్ని మెదళ్లూ ఒకే వేగంతో చావవు. గడ్డకు అవతల చుట్టుపక్కల నాళాల నుంచి కొంత రక్తం దొడ్డిదారిన వస్తుంది. ఆ దారులు బాగున్నవారిలో చాలా భాగం పని మానేసి కూడా గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది. స్కాన్‌లో అలాంటి భాగం మిగిలి ఉంటే 24 గంటల వరకు కూడా గడ్డ తీయడం లాభమేనని 2018లో తేలింది. రాత్రివేళ మీ బాపును లోపలికి తీసుకున్నారంటే, కాపాడదగిన భాగం ఇంకా ఉందని వాళ్లకు స్కాన్‌లో కనబడి ఉంటుంది.

అయితే చెయ్యి ఎందుకు లేవదు? ఇక్కడ మెదడు కట్టడమే మన మీద కక్షగట్టినట్టు ఉంటుంది. మూసుకుపోయే ఆ పెద్ద నాళం నుంచి మెదడు లోతుకు వెంట్రుకల్లాంటి కొన్ని కొమ్మలు వెళతాయి. వాటికి దొడ్డిదారి లేదు. పైపొర గంటల తరబడి నిలదొక్కుకున్నా, ఆ లోతు భాగం చాలా తొందరగా పోతుంది. చేతినీ కాలినీ కదిలించే తీగలన్నీ కట్టగట్టినట్టు వెళ్లేది సరిగ్గా ఆ లోతులోంచే. అందుకే పైకి మెదడులో ఎక్కువ భాగం బతికినా చెయ్యి మొద్దుబారిపోవచ్చు. కాలికి వేరే నాళం నుంచి కొంత రక్తం, వేరే దారుల నుంచి కొంత ఆజ్ఞ అందుతాయి కాబట్టి అది ముందు కోలుకుంటుంది. నాలుగడుగులు వేస్తున్నారంటే దీనివల్లే కావచ్చు. మాట ఉండేది ఎక్కువమందిలో ఎడమ మెదడులో. కుడివైపు పడిపోయిందంటే దెబ్బ ఎడమ మెదడుకు తగిలిందని అర్థం.

ఇక మీ మూడో ప్రశ్న. తప్పు చేశారని రాయను. పూజారి దగ్గరికి వెళ్లడం మీ ఊరి అలవాటు. అహేరి, చాందా మీదుగా వెళ్లడం మీ రోడ్లు చేసిన నిర్ణయం. కానీ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పోయిన గంటలకు ఖరీదు ఉంది. పసరుకూ ఉంది. పక్షవాతం వచ్చిన మనిషికి మింగే శక్తి తగ్గుతుంది. నోట్లో పోసిన ద్రవం ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తెస్తుంది. మళ్లీ ఎవరికైనా ఇలా జరిగితే నోట్లో చుక్క నీళ్లు కూడా పోయవద్దని మీ వాడకట్టులో చెప్పండి. ఆపరేషన్ చేయించకపోతే బాపు ఇప్పుడు ఎలా ఉండేవారో ఒక్క మనిషి విషయంలో ఎవరూ చెప్పలేరు. వందమందిని లెక్కేస్తే, మీరు చేయించినది సరైన పనే.

*

"మా అమ్మకు 71 ఏళ్లు, ఇరవై ఏళ్లుగా షుగర్. కాళేశ్వరం వంతెన మీదుగా వరంగల్, అక్కడి నుంచి హైదరాబాద్ తీసుకెళ్లాం. ఆరు గంటల్లోపే గడ్డ తీశారు. పక్క మంచం ఆయన పదో గంటకు వచ్చాడట. ఆయన నాలుగో రోజు నడిచి ఇంటికి వెళ్లాడు. మా అమ్మ ఇప్పటికీ మంచంలోనే ఉంది. ముందు చేరినా ఎందుకిలా?"
ఒక ఉపాధ్యాయుడు, సిరోంచ

పక్క మంచంతో పోల్చుకోవడం మానలేం, నిజమే. కానీ ఆ మంచంలో ఉన్నది వేరే మెదడు. పదో గంటకు వచ్చినా నడిచి వెళ్లాడంటే ఆయన దొడ్డిదారులు చాలా గట్టివై ఉండాలి. మీ అమ్మగారికి అవి అంత బలంగా లేకపోతే ఆరు గంటలు కూడా ఎక్కువే.

వయసు, షుగర్ అనేవి రెండు చిన్న మాటలుగా రాశారు. పక్షవాతం రాకముందే ఆ రెండూ మెదడు మీద పనిచేస్తూ వచ్చాయి. ఎన్నో ఏళ్ల బీపీ, షుగర్ ఉన్నవారి ఎంఆర్ఐలో తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. సన్ననాళాలు గట్టిపడి, నరాల తీగలు అక్కడక్కడా అప్పటికే తెగిపోయాయని వాటి అర్థం. ఒక భాగం దెబ్బతింటే దాని పని పక్క భాగం అందుకోవడమే కోలుకోవడం. ఆ పక్క భాగం కూడా పాతగాయాలతో ఉంటే అందుకోలేదు. చేరేటప్పటికి షుగర్ బాగా ఎక్కువగా ఉన్నవారిలో ఫలితాలు తక్కువగా ఉంటాయన్నది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. అయితే ఆసుపత్రిలో ఇన్సులిన్‌తో షుగర్‌ను మరీ గట్టిగా కిందికి దించినా అదనపు లాభం లేదని 2019లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అంటే చెడుపు చాలావరకు ముందే జరిగిపోయి ఉంటుంది.

ఇంకొకటి అడిగి తెలుసుకోండి. మన దేశంలో మెదడులోని నాళమే కొవ్వు పేరుకుని సన్నబడి, అక్కడ గడ్డ కట్టడం పాశ్చాత్య దేశాల్లో కంటే ఎక్కువ. అలాంటిచోట గడ్డ లాగేసినా ఆ ఇరుకు అలాగే ఉంటుంది. కొందరికి గంటల్లో మళ్లీ మూసుకుంటుంది. ఆపరేషన్ మర్నాడు నాళం తెరిచే ఉందా అని స్కాన్ చేశారా, మెదడులో వాపుగాని రక్తస్రావంగాని వచ్చిందా అన్న రెండు విషయాలకూ డిశ్చార్జి కాగితంలో జవాబు ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోండి.

*

"నేను నర్సింగ్ చదువుతున్నాను. పెద్ద నాళం తెరిచినా మెదడులో చిన్న నాళాలు తెరుచుకోవని ఒక సార్ చెప్పారు. అదెలా సాధ్యం? దానికి మందు లేదా?"
విద్యార్థిని, అహేరి

మీ సార్ సరిగ్గా చెప్పారు. చెరువు తూము ఎత్తినా పిల్లకాలువలు పూడి ఉంటే చివరి మడికి నీరు ఎక్కదు కదా, అదే ఇది. నో-రీఫ్లో అనే ఈ సంగతి కొత్తది కాదు. 1968లో అమెరికాలో అడెల్బర్ట్ ఏమ్స్, ఆయన తోటివాళ్లు కుందేళ్ల మెదడుకు కొద్ది నిమిషాలు రక్తం ఆపి, తిరిగి వదిలి, నల్లటి కర్బనపు ద్రవం ఎక్కించి చూశారు. రక్తం తిరిగి వదిలినా మెదడులో చాలాచోట్ల నలుపు ఎక్కలేదు, తెల్లగానే మిగిలిపోయాయి. అప్పట్లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మనుషుల్లో పెద్ద నాళమే తెరవలేని రోజుల్లో చిన్న నాళాల గోడు ఎవరు వింటారు? థ్రాంబెక్టమీ వచ్చాకే ఆ ప్రశ్న మళ్లీ బయటికొచ్చింది.

చిన్న నాళాలు మూసుకోవడానికి ఒకటికి మించి కారణాలున్నాయి. కేశనాళికలను బయటినుంచి చుట్టుకుని పెరిసైట్లు అనే కణాలుంటాయి. ప్రాణవాయువు అందకపోతే అవి బిగుసుకుంటాయి. బిగుసుకున్న స్థితిలోనే చనిపోతే ఆ పిడి ఇక వదలదు. 2009లో తుర్కియే పరిశోధకులు, 2014లో లండన్ పరిశోధకులు దీన్ని జంతువుల్లో చూపించారు. రెండోది, తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి వాచిన కేశనాళికల్లో ఇరుక్కుని దారి ఆపేస్తాయి. మూడోది, గడ్డను లాగేటప్పుడు అది చిట్లి ముక్కలు కిందికి కొట్టుకుపోతాయి. తీగ ఒక్కసారి వేయగానే గడ్డ మొత్తం వచ్చేస్తే ఫలితం బాగుండటానికీ, నాలుగైదుసార్లు లాగాల్సి వస్తే తగ్గటానికీ ఇది ఒక కారణం. వీటికి తోడు చుట్టూ కణజాలం ఉబ్బి బయటినుంచి నొక్కుతుంది.

మనుషుల్లో ఇది ఎంతమందికి జరుగుతుందన్న దగ్గర పండితులు తగవులాడుకుంటున్నారు. పెద్ద నాళం పూర్తిగా తెరుచుకున్నవారికి మర్నాడు స్కాన్ తీస్తే నలుగురిలో ఒకరికి లోపల రక్తప్రవాహం సరిగా లేదని ఒక వర్గం చెబుతోంది. చాలా అరుదని ఇంకొక వర్గం అంటోంది. కొలిచే పద్ధతి మారితే లెక్క మారుతోంది. నా మట్టుకు నాకు, గడ్డ తీసినా కోలుకోని ప్రతి రోగికీ దీన్నే కారణంగా చూపించడం తొందరపాటు అనిపిస్తుంది. చాలామందిలో అసలు కారణం ఇంకా మామూలుది: తీసేనాటికే ఆలస్యమైంది.

మందు సంగతి. బార్సిలోనాలో ఒక బృందం గడ్డ తీసిన వెంటనే అదే తీగ గుండా గడ్డలు కరిగించే ఆల్టెప్లేస్‌ను కొద్ది మోతాదులో ఎక్కించింది. 2022లో వచ్చిన ఫలితం ఆశ పుట్టించింది. దాదాపు ఏ లోపమూ లేకుండా కోలుకున్నవారు మందు పడ్డవారిలో నూటికి 59, పడనివారిలో 40. కానీ చేరినవాళ్లు నూటఇరవై చిల్లర మందే, అదీ మధ్యలో ఆపేశారు. తర్వాత చైనాలో అంతకంటే పెద్ద అధ్యయనాలు ఇటువంటి మందులతోనే జరిగాయి. 2025లో వెలువడిన వాటిలో కొన్ని లాభం ఉందన్నాయి, కొన్నింటిలో తేడా తేలలేదు. కాబట్టి ఇది ఇంకా అందరికీ ఇచ్చే మందు కాదు. పరీక్షలో నో-రీఫ్లో అని రెండు మార్కుల ప్రశ్న వస్తే రాయడానికి ఇంత చాలు.

*

"మా ఆయనకు గడ్డ తీసిన రాత్రి బీపీ 160, 170 చూపిస్తుంటే నేను మొత్తుకున్నా సిస్టర్ మాత్ర వేయలేదు. డాక్టరు వద్దన్నాడని చెప్పింది. దానివల్లే చెయ్యి బాగు కాలేదా?"
అంకీస, సిరోంచ తాలూకా

కాదు. మాత్ర వేయకపోవడమే మంచిదయింది. నాళం తెరిచాక బీపీ బాగా దించితే రక్తస్రావం తగ్గుతుందని ఒకప్పుడు మేమూ అనుకునేవాళ్లం. దక్షిణ కొరియాలో దీన్ని పరీక్షించి 2023లో చెప్పారు: 140 కంటే కిందికి దించినవారిలో తమ పని తాము చేసుకోగలిగినవాళ్లు నూటికి 39, దించకుండా 140కీ 180కీ మధ్య ఉంచినవారిలో 54. అంతకుముందు ఏడాది చైనాలో 120 కంటే దించి చూసిన అధ్యయనాన్ని రోగులకు చెరుపు జరుగుతోందని మధ్యలోనే ఆపేశారు. చిన్న నాళాలు సగం మూసుకుని ఉన్న మెదడుకు ఆ కాస్త ఒత్తిడే ఆధారం. ఇంటికొచ్చాక మాత్రం బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. ఆ రోజుల లెక్క వేరు, ఈ రోజుల లెక్క వేరు.

*

"మా నాన్నకు ఆపరేషన్ తర్వాత మాలిష్ చేయిస్తున్నాం. పావురం రక్తం పూస్తే నరాలు లేస్తాయని అందరూ అంటున్నారు. వ్యాయామం ఎన్ని రోజులు చేయించాలి? ఆయన ఊరికే ఏడుస్తాడు, తినడు."
మహదేవ్‌పూర్

పావురాన్ని వదిలేయండి, బతకనివ్వండి. చర్మం మీద ఏ రక్తం పూసినా మెదడులోకి పోదు. మాలిష్ నెమ్మదిగా చేస్తే హాని లేదు, హాయిగా ఉంటుంది. అంతే. పడిపోయిన చేతిని పట్టి లాగడం, చంకల కింద చేతులు వేసి మంచం మీంచి లేపడం మాత్రం చేయవద్దు. భుజం కీలు జారి, తర్వాత నొప్పి వల్ల అసలు వ్యాయామమే చేయలేని స్థితి వస్తుంది.

గడ్డ తీసిన తర్వాతి రోజులు ఎంత ముఖ్యమో చెప్పడానికి నాకు ఇష్టమైన అధ్యయనం ఒకటుంది. అందులో కొత్త మందు లేదు, తీగ లేదు. ఆస్ట్రేలియాలో 19 పక్షవాతం వార్డుల్లో నర్సులకు మూడే పనులు నేర్పారు: జ్వరం చూసి తగ్గించడం, షుగర్ చూసి సరిచేయడం, మింగగలడో లేదో పరీక్షించకుండా నోటికి ఏదీ ఇవ్వకపోవడం. 2011లో వచ్చిన ఫలితం ప్రకారం చనిపోయిన లేదా ఇతరుల మీద ఆధారపడ్డవారు ఈ పనులు నేర్చిన వార్డుల్లో నూటికి 42, నేర్వని వార్డుల్లో 58. మీ నాన్నగారికి ఇప్పటికీ నీళ్లు తాగగానే దగ్గు వస్తుంటే అది ప్రమాద సూచన. కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా దించి, చిక్కటి జావలాంటిది చెంచాతో పెట్టండి. దగ్గు ఆగకపోతే డాక్టరుకు చూపించండి.

వ్యాయామంలోనూ అతి పనికిరాదు. మొదటి 24 గంటల్లోపే రోగిని లేపి ఎక్కువసార్లు నడిపిస్తే ఇంకా బాగుంటుందేమోనని ఐదు దేశాల్లో 2,104 మంది మీద చూశారు. 2015లో తేలింది తిరకాసుగా ఉంది: అంత తొందరపడ్డవారిలోనే ఫలితం కొంచెం తగ్గింది. మొదటి రోజు దాటాక, కొద్దికొద్దిగా, రోజుకు చాలాసార్లు చేయడం మేలు. ఎక్కువ మెరుగు మొదటి మూడు నెలల్లో వస్తుంది. ఆ తర్వాత ఆగిపోదు, నిదానిస్తుంది. మాట విషయంలో ఏడాది దాటాక కూడా మార్పు చూశాను. చేయించేది పనికొచ్చే పని అయితే మంచిది. ఊరికే చెయ్యి ఎత్తి దించడం కంటే గ్లాసు పట్టించడం, గుండీ పెట్టించడం, బియ్యంలో రాళ్లు ఏరించడం నయం.

ఇంటివాళ్లకు కొద్దిరోజులు నేర్పి పంపేస్తే ఫిజియోథెరపిస్టు అవసరం తీరుతుందా అని మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1,250 మంది మీద పరీక్షించారు. 2017లో వచ్చిన ఆ ఫలితం నన్ను నిరాశపరిచింది. నేర్పినా నేర్పకపోయినా ఆరు నెలలకు చనిపోయిన, ఆధారపడ్డ వారి సంఖ్య రెండువైపులా నూటికి 47. కుటుంబం పనికిరాదని దీని అర్థంగా తీసుకోను. కుటుంబం ఒంటరిగా చాలదు. నెలకోసారైనా ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లి, కొత్త పాఠం తెచ్చుకుని ఇంట్లో చేయించండి.

ఏడుపు, తినకపోవడం గురించి చివర్లో రాశారు గాని నేను దాన్ని ముందు చూస్తాను. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి దిగులు జబ్బు వస్తుంది. ఆ దిగులున్న మనిషి వ్యాయామం చేయడు, చెయ్యి బాగు కాదు, దాన్ని చూసి ఇంకా దిగులుపడతాడు. దీనికి మందులున్నాయి, పనిచేస్తాయి. బతిమాలడం, కసరడం రెండూ పనిచేయవు.

*

"నేను ఆశా కార్యకర్తను. మా పక్క సీటీ స్కానే లేదు. ఈ తీగలు, ఆపరేషన్లు మాకు ఎందుకు చెబుతున్నారు? మా ఊర్లలో పక్షవాతం వస్తే ఇంట్లోనే చనిపోతున్నారు."
ఏటపల్లి తాలూకా

ఈ సంచికలో నాకు అన్నిటికంటే గట్టిగా తగిలిన ఉత్తరం ఇది. మీరు చెప్పింది మీ జిల్లా లెక్కల్లోనే ఉంది. గడ్చిరోలి దగ్గర శోధగ్రామ్‌లో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు స్థాపించిన సర్చ్ సంస్థ ఉంది కదా. అక్కడ నరాల వైద్యుడు యోగేశ్వర్ కల్కొండే, ఆయన తోటివాళ్లు 86 ఊళ్లలో 2011 నుంచి 2013 వరకు జరిగిన ప్రతి చావుకూ ఇంటింటికీ వెళ్లి కారణం ఆరా తీశారు. మొత్తం 1,599 చావుల్లో 229 పక్షవాతం వల్లే. ఆ ఊళ్లలో చావులకు అన్నిటికంటే పెద్ద కారణం అదే. ఏడుగురిలో ఒకరన్నమాట. పక్షవాతంతో పోయినవారిలో నూటికి 87 మంది ఇంట్లోనే పోయారు. దాదాపు సగం మంది మొదటి నెల లోపల పోయారు. గడ్చిరోలి అంటే మలేరియా అనుకునే పట్నం డాక్టర్లకు ఈ లెక్క చెంపపెట్టు.

ఇళ్లలో పోయిన ఆ మనుషులు గడ్డ తీసినా కోలుకోని వారి లెక్కలో కూడా రారు, ఎందుకంటే వాళ్లు గడ్డ తీసే గది గడపే తొక్కలేదు. ఇప్పుడు మీ తాలూకాకు థ్రాంబెక్టమీ యంత్రం కావాలని అడిగితే అది నినాదం అవుతుంది. ఆ చికిత్స పెద్ద నాళం మూసుకున్న కొద్దిమందికే. దానికి నిపుణులు రాత్రింబవళ్లు ఉండాలి. అడగాల్సింది వేరే ఉంది. నాలుగున్నర గంటల్లోపు నరం ద్వారా ఇచ్చే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సీటీ స్కాన్, ఒక మామూలు డాక్టరు, ఫోన్‌లో సలహా ఇచ్చే నరాల వైద్యుడు ఉంటే చాలు. హిమాచల్ ప్రదేశ్ 2014లో ఇదే మొదలుపెట్టింది. కొండల్లోని జిల్లా ఆసుపత్రుల డాక్టర్లు స్కాన్ ఫొటోను వాట్సాప్‌లో పంపితే నిపుణులు చూసి చెబుతారు, ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తారు. కొండలకు సాధ్యమైంది అహేరి అడవులకు ఎందుకు సాధ్యం కాదు? ఈ ప్రశ్న నాకు రాయడం కంటే మీ జిల్లా పరిషత్తుకు రాయడం మేలు.

అది వచ్చేలోపు మీ చేతిలో ఉన్నవి. మూతి వంకర, చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం ఈ మూడింటిలో ఒక్కటి ఉన్నట్టుండి వచ్చినా 108కి చేయండి. చివరిసారి బాగా ఉన్నట్టు చూసింది ఎన్నింటికో కాగితం మీద రాసి రోగి జేబులో పెట్టండి. పడిపోయినట్టు గమనించిన వేళ కాదు, చివరగా బాగున్న వేళ. పెద్దాసుపత్రిలో మొట్టమొదట అడిగేది అదే. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. సీటీ లేని ఆసుపత్రిలో గంటలు గంటలు సెలైన్ పెట్టించడం కంటే, ఎక్కడ స్కాన్ పనిచేస్తోందో ఫోన్ చేసి కనుక్కుని నేరుగా అక్కడికి పంపించండి. పర్లకోట వాగు పొంగి భామ్రాగడ్ దారి తెగే వానాకాలంలో ఇదంతా కాగితం మీద మాటే అవుతుందని నాకు తెలుసు.

అందుకే మిగిలిన మాట బీపీ గురించే. గడ్డ తీసే అన్ని గదులూ కలిపి మీ తాలూకాలో కాపాడగలిగే ప్రాణాల కంటే, మీ సంచిలోని బీపీ మిషన్ కాపాడగలిగేవి ఎక్కువ. ముప్ఫై దాటిన ప్రతివారికీ చూడండి. ఎక్కువున్నవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మాత్ర నెలనెలా అందుతోందా, మింగుతున్నారా అని అడగండి. పొగాకు కలిసిన ఖర్రా గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. దారుబందీ, అంటే మద్యనిషేధం, 1993 నుంచి ఉన్న జిల్లాలో ఖర్రా మాత్రం ప్రతి పాన్‌ఠేలాలో దొరుకుతోంది. పొగాకుకూ పక్షవాతానికీ ఉన్న చుట్టరికం బాగా రుజువైనదే. చిన్నపిల్లల్లోగాని యువకుల్లోగాని పక్షవాతం కనిపిస్తే సికిల్‌సెల్ పరీక్ష మరచిపోకండి. మీ ప్రాంతంలో అది తరచుగా ఉన్నదే.

*

"నాకు మందుల షాపు ఉంది. పక్షవాతం అని పరుగెత్తుకొస్తే ఆస్పిరిన్ ఇస్తుంటాను, బీపీ ఎక్కువుంటే నాలుక కింద మాత్ర కూడా. సరైనదేనా?"
ఆలాపల్లి

రెండూ ఆపండి. పక్షవాతాల్లో కొన్ని గడ్డ వల్ల, కొన్ని నాళం చిట్లి రక్తం కారడం వల్ల వస్తాయి. రెండోరకం మన దేశంలో పాశ్చాత్య దేశాల్లో కంటే ఎక్కువ. పైకి చూసి ఏది ఏదో నేనూ చెప్పలేను, స్కాన్ చెప్పాలి. రక్తం కారుతున్నవారికి ఆస్పిరిన్ ఇస్తే ఇంకా కారుతుంది. నాలుక కింద మాత్ర బీపీని ఒక్కసారిగా పడేస్తే, అంకీస అమ్మకు రాసిన జవాబులో చెప్పినట్టు, బతికున్న కాస్త మెదడు కూడా ఎండిపోతుంది. గుండెపోటుకు ఆస్పిరిన్ ఇచ్చే అలవాటు మంచిదే, దాన్ని దీనికి కలపవద్దు. షాపు ముందు 108 నంబరుతో పాటు స్కాన్ ఉన్న ఆసుపత్రుల ఫోన్ నంబర్లు రాసి పెట్టండి. తెలంగాణ ఆరోగ్యశ్రీ కార్డు మీవాళ్లకు ఉండదు, మీది మహాత్మా ఫులే పథకం. రేషన్ కార్డూ ఆధారూ వెంట తీసుకుని వెళ్లమని, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవమని బండి ఎక్కేవాళ్లకు చెప్పి పంపండి.